మడతక్కకి రాయి దగ్గర ఏమైంది

ఆమెకి ఇంట్లో పెట్టిన పేరు ఒకటుంది గానీ దుకాణంలో ఎవరూ దాన్ని వాడరు. మడతక్క అనే అంటారు. బట్టలు ఉతికి ఇస్త్రీ చేసిచ్చే దుకాణం అది. ముందు గదిలో కౌంటరు, బట్టలు వేలాడే ఇనప కమ్మీలు. వెనక గదిలో ఉతికే యంత్రాలు, వాటి పక్కన గోడవారగా పొడుగాటి ఇస్త్రీ బల్ల. పెళ్ళైన కొత్తల్లో ఆ బల్ల దగ్గర నిలబడింది, జుట్టు నెరిసినా ఇంకా అక్కడే నిలబడి ఉంది. ఆసుపత్రి నుంచి డాక్టర్ల తెల్ల కోట్లు, హోటలు నుంచి టేబుల్ గుడ్డలు, ఎవరెవరివో సూట్లు, పరదాలు. ఆమె మడతపెట్టిన చొక్కా సంచీలో ఎంత కుక్కినా నలగదని యజమానురాలు కొత్తగా వచ్చినవాళ్ళకి గొప్పగా చెప్పుకునేది.

మనిషి నెమ్మది. మాట తక్కువ. ఊరికే కంటతడి పెట్టే రకం కాదు, అలాగని మనసు బండబారిన మనిషీ కాదు. ఏడవాల్సినంత కష్టం పెద్దగా రాలేదు, అంతే. అమ్మా నాన్నా బతికే ఉన్నారు, ఇప్పటికీ ఒకళ్ళ మీద ఒకళ్ళు చాడీలు చెప్పుకుంటూ ఫోన్లు చేస్తారు. కూతురు పక్క వీధిలోనే కాపురం ఉంటోంది. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఏది పాడైనా దానికో కారణం ఉండాలి, ఆ కారణం చేతికి దొరకాలి, అది ఆయన పద్ధతి.

ఈ ఇంట్లోకి రాళ్ళ గొడవ తెచ్చింది ఆయన అక్క. అంటే మడతక్కకి వదిన. కోర్టులో టైపిస్టుగా చేసి రిటైరైంది, పెళ్ళి చేసుకోలేదు, రెండు గదుల ఫ్లాటులో ఒక్కతే ఉంటుంది. ఆమె ముందు గదిలో గోడ నిండా ఒక మ్యాపు. దాని మీద రంగురంగుల గుండుసూదులు. ఎర్రవి పూర్వకాలం వాళ్ళు నిలబెట్టిన రాళ్ళు, నీలంవి జనం మొక్కుకున్న ఊటలు, పచ్చవి కప్పు కూలిపోయిన పాత ప్రార్థనామందిరాలు. ఆదివారం వచ్చిందంటే చాలు, పాత కారేసుకుని ఏదో ఒక గుండుసూది వెతుక్కుంటూ ఊళ్ళ మీదికి పోయేది. బంధువులందరికీ అదొక నవ్వులాట. "అక్కయ్య రాళ్ళకి సంబంధాలు చూస్తోంది" అని తమ్ముడే అనేవాడు.

ఒకరోజు ఆ మ్యాపు పై అంచున సూది గుచ్చబోయి, స్టూలు మీంచి పడి వదిన మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని రెండు ఆదివారాలు ఇంట్లో కూచునేసరికి ఆమెకి పిచ్చెక్కినట్టయింది. మూడో ఆదివారానికి ఫోను చేసింది.

"మరదలా, నువ్వు దుకాణం వ్యాను నడుపుతావు కదా. నా కారు కూడా నడపగలవు."

"నడపగలను వదినా. ఎక్కడికి?"

"నేను చెప్తాగా. నువ్వు చక్రం పట్టుకుంటే చాలు. రాళ్ళని చూడక్కర్లేదు, కార్లోనే కూచో."

మడతక్క నిజంగానే కార్లో కూచునేది. వదిన కట్టు చేత్తో ముళ్ళకంచెలు దాటడానికి సాయం పట్టి, బురదలో గట్టి చోటు చూపించి, వెనక్కి వచ్చేసి సీటు మీది దుమ్ము దులుపుకునేది. ఒకట్రెండు చోట్ల దిగి చూసింది. గడ్డిలో గుండ్రంగా నిలబెట్టిన రాళ్ళు. గోడలు మాత్రం మిగిలిన మందిరం, లోపల పిచ్చిమొక్కలు. ఒక ఊట దగ్గర నీళ్ళు తాగింది, తుప్పు రుచిగా ఉన్నాయి. వదిన ప్రతి చోటా చాలాసేపు కళ్ళు మూసుకుని నిలబడేది. తర్వాత పెదవి విరిచి, ఫోటో తీసుకుని, పద అనేది. ఏం జరగాలని ఎదురుచూస్తోందో మడతక్కకి అర్థమయ్యేది కాదు. అడగడానికి మొహమాటం.

అలా వెళ్ళిన చోట్లలో ఒకటి, మేత పొలం మధ్యలో ఉన్న ఒంటి రాయి. మనిషికంటే కాస్త ఎత్తు, బూడిద రంగు. పైన గరుకుగా, నడుము ఎత్తున మాత్రం నున్నగా, మెరుస్తూ ఉంది. వదిన ఆ నునుపు మీద బొటనవేలుతో రాస్తూ చెప్పింది.

"చూశావా. వేల ఏళ్ళ నుంచి జనం వచ్చి ఇక్కడే చేతులు ఆనించి మొక్కుకున్నారు. చేతులు తగిలి తగిలి అరిగింది."

"అంతమంది వచ్చారా, ఈ బురదలోకి?" అంటూ మడతక్క కూడా చెయ్యి ఆనించింది. నునుపు ఎంతుందో చూద్దామని, గుడ్డ నాణ్యం చూసినట్టు.

తర్వాత ఏం జరిగిందో ఆమె ఎప్పుడూ సరిగ్గా చెప్పలేకపోయింది. మెల్లగా రాయికి వీపు ఆనించి తడి గడ్డిలో కూచుంది. కళ్ళలోంచి నీళ్ళు కారడం మొదలైంది. వెక్కిళ్ళు లేవు. కొళాయి కట్టెయ్యడం మర్చిపోతే ఎలా కారుతుందో అలా. దుఃఖమా అంటే కాదు. సంతోషమా అంటే అదీ కాదు. ఎవరో తనని ఎప్పట్నుంచో చూడాలనుకుంటున్నట్టు, ఇప్పటికి చూసినట్టు. కానీ ఎవరు? పొలంలో వాళ్ళిద్దరూ, దూరంగా కొన్ని ఆవులూ తప్ప ఎవరూ లేరు.

"ఏమైంది? కడుపులో తిప్పుతోందా?" వదిన కంగారుగా వంగింది.

"లేదు వదినా."

"మరెందుకు ఏడుస్తున్నావు?"

"ఏడవట్లేదు. నీళ్ళు వస్తున్నాయి."

వదిన ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. ముందు ఆమె కళ్ళు వెలిగాయి. ఆ తర్వాత ఆ వెలుగు ఎటో పోయింది. ఫోటో కూడా తీసుకోకుండా కారు వైపు నడిచింది. మడతక్కకి మాత్రం విపరీతంగా ఆకలేసింది. దారిలో ఆగి రొట్టె కొనుక్కుని, స్టీరింగు మీద చెయ్యి తియ్యకుండానే మొత్తం తినేసింది.

ఆ వారమంతా ఆమెకి ఏ పనీ సాగలేదు. ఒక డాక్టరు కోటు జేబు మీద ఇస్త్రీ పెట్టె అలాగే ఉంచేసి నిలబడిపోయింది. కాలిన వాసనకి యజమానురాలు పరుగెత్తుకొచ్చింది. తిట్టలేదు. "మడతక్కా, నువ్వేనా?" అని మాత్రం అంది.

రాత్రి భోజనాల దగ్గర భర్తకి చెప్పింది. ఆయన తింటూ తింటూ కారణాలు వెతికాడు.

"పొద్దున ఏమన్నా తిన్నావా? బీపీ పడిపోయి ఉంటుంది."

"తినే వెళ్ళాను."

"పొలంలో మందులేవో కొట్టి ఉంటారు. కళ్ళు మండి ఉంటాయి."

"మండలేదు."

"అయితే మా అక్క నీకు ఏదో నూరిపోసి ఉంటుంది."

కౌంటరు దగ్గర కూచునే అమ్మాయి, ఈ వయసులో ఒంట్లో మార్పులొస్తాయక్కా, మా అమ్మ టీవీలో వార్తలు చూసి కూడా ఏడుస్తుంది అంది. వదిన ఫోను చేసి, పోయిన జన్మలో నువ్వు ఆ రాయి దగ్గర ఏదో పోగొట్టుకుని ఉంటావు అంది, ఆ మాటలో కొంచెం పుల్లవిరుపు వినిపించింది. మడతక్క అందరికీ ఊఁ కొట్టింది. తనే లోపల వెతుక్కుంది. యంత్రంలో వేసే ముందు జేబులన్నీ తిప్పి చూసినట్టు, పాత కష్టాలన్నీ తిరగేసింది. చిన్నప్పుడు తప్పిపోయిన కుక్కపిల్ల. కూతురికి జ్వరం వచ్చిన ఏడాది. పెళ్ళికి ముందు ఎవరో ఒకతని మీద ఉన్న ఇష్టం, అతని మొహం కూడా ఇప్పుడు గుర్తు లేదు. ఏదీ ఆ నీళ్ళకి సరిపోలేదు. ఇంత వయసొచ్చి, తనకి ఏమైందో తనకే తెలియకపోవడం ఏమిటని ఆమెకి సిగ్గుగా కూడా ఉంది.

మళ్ళీ ఆదివారం వదిన ఇంకేమీ ఆలోచించలేదు. "అక్కడికే" అంది.

ఈసారి వదిన ఆమెని రాయి ముందు నిలబెట్టి, మొన్న ఎక్కడ ఆనించిందో చెయ్యి అక్కడే ఆనించమంది. తను ఎదురుగా నిలబడి, కళ్ళలో చుక్కల మందు వేసి పని చేస్తుందా లేదా అని చూసే నర్సులాగా చూస్తోంది.

"ఏమన్నా వస్తోందా?"

"లేదు వదినా."

"కూచో. మొన్న కూచున్నావు కదా."

కూచుంది. చీమ ఒకటి పాదం ఎక్కింది. అంతకుమించి ఏమీ జరగలేదు. అబద్ధం చెప్పి పట్టుబడ్డట్టు అనిపించింది మడతక్కకి. వదిన నిట్టూర్చి, గట్టు అవతల ఇంకో చిన్న రాయి ఉందంటే చూసొస్తానని వెళ్ళింది. మడతక్క ఒక పుల్ల తీసుకుని చెప్పులకి అంటిన బురద గీరుకుంటోంది. సాయంత్రం ఇంట్లో నూనె ఉందా, తెచ్చుకోవాలా అని ఆలోచిస్తోంది. అప్పుడొచ్చింది. మొన్నటిలాగే, చప్పుడు లేకుండా. పుల్ల చేతిలో పట్టుకుని అలాగే కూచుండిపోయింది.

గట్టు మీద వదిన తల కనపడగానే పమిట చెంగుతో మొహం తుడిచేసుకుంది. ఎందుకు దాచిందో ఆమెకే తెలియలేదు.

వదిన వెంట ఇంకెవరో వస్తున్నారు. రబ్బరు బూట్లు, చేతిలో బకెట్టు, వదిన ఈడు మనిషి. ఆ పొలం వాళ్ళదే. కారు గేటుకి అడ్డంగా పెట్టారని చెప్పడానికి వచ్చింది, వదిన మాటల్లో పెట్టి తీసుకొచ్చింది. రాయి గురించి వదిన చెప్తున్నదంతా ఆవిడ ఓపిగ్గా వింది. చేతులు తగిలి అరిగిందన్న చోట మాత్రం ఆపింది.

"చేతులు కాదమ్మా. ఆవులు. ఒళ్ళు రుద్దుకుంటాయి. అందుకే మా నాన్న దీన్ని పాతాడు. అంతకు ముందు కంచె గుంజలన్నీ రుద్ది రుద్ది పడేసేవి."

"మ్యాపులో ఉందండీ ఇది" అంది వదిన, చాలా చిన్న గొంతుతో.

"ఉండొచ్చు. మా ఇల్లు కూడా ఉంటుంది మ్యాపులో."

ఆవిడ ఎగతాళిగా అనలేదు, ఉన్న మాట చెప్పినట్టే అంది. మడతక్కకి మాత్రం ఒళ్ళంతా చల్లబడింది. ఆవుల కోసం పాతిన గుంజ. దాని దగ్గరా తను కూచుని కన్నీళ్ళు పెట్టుకుంది, ఒకసారి కాదు, రెండుసార్లు. ఇంట్లో తెలిస్తే ఆయన ఏడాదిపాటు నవ్వుతాడు.

అంతలో పొలం చివర ట్రాక్టరు ఆగింది. ఆవిడ తమ్ముడు దిగి, ఏమైందో అని వచ్చాడు. సంగతి విని తల అడ్డంగా ఊపాడు.

"అక్కా, నీకెన్నిసార్లు చెప్పాలి. నాన్న దీన్ని తేలేదు. ఇక్కడే పడి ఉంటే లేపి నిలబెట్టాడు. ఎప్పట్నుంచి పడి ఉందో తాతకి కూడా తెలియదు."

"వాగు దగ్గర్నుంచి ఎడ్లకి కట్టి లాక్కొచ్చాడు. నేను చూశాను."

"నువ్వు చూసింది గేటు దగ్గరి రాయి."

"గేటు దగ్గరిది మామయ్య తెచ్చాడు. నువ్వప్పుడు ఉయ్యాల్లో ఉన్నావు, నీకేం తెలుసు?"

ఈ తగాదా వాళ్ళకి కొత్త కాదని తెలుస్తూనే ఉంది. ఒకరి మాట ఎక్కడ అయిపోతుందో రెండోవాళ్ళకి ముందే తెలుసు. వదిన ఒకసారి అక్క వైపు, ఒకసారి తమ్ముడి వైపు చూస్తూ మధ్యలో నిలబడింది. వాళ్ళు వీళ్ళని ఇంట్లోకి తీసుకెళ్ళి టీ ఇచ్చారు. వంటింట్లో మైనపు గుడ్డ పరిచిన బల్ల చుట్టూ కూచున్నాక కూడా ఆ వాగు మాట దగ్గరే ఉన్నారు ఇద్దరూ. మడతక్క ఒక్కతే కిటికీ కింద కుర్చీలో గుట్టగా పడి ఉన్న ఉతికిన దుప్పట్లని చూస్తూ కూచుంది. చేతులు ఊరుకోలేదు. టీ అయ్యేలోపు అన్నీ మడతపెట్టేసింది. అక్కగారు ఆ దొంతర చూసి తమ్ముడితో తగాదా కాసేపు మర్చిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు కార్లో వదిన కిటికీ వైపు తిరిగి అంది.

"ఇన్నేళ్ళుగా తిరుగుతున్నాను. నాకు ఒక్కసారి కూడా ఏమీ అనిపించలేదు తెలుసా. ఏ రాయి దగ్గరా. చెయ్యి పెడతాను, కళ్ళు మూసుకుంటాను, నడుం నొప్పి గుర్తొస్తుంది. నీకు ఆవుల గుంజ దగ్గర వచ్చింది."

మడతక్కకి జాలేసింది. దాచడం తప్పనిపించింది. "ఈరోజు కూడా వచ్చింది వదినా. మీరు గట్టు అవతలికి వెళ్ళినప్పుడు."

వదిన ఇటు తిరిగింది. "మరి నాకెందుకు చెప్పలేదు?"

"తెలియదు."

"నేను చూస్తే రాదు, నేను లేకపోతే వస్తుంది. అంతేగా?"

"అలా కాదు..."

"కట్టు విప్పేస్తున్నారు వచ్చే వారం. ఇంక నేనే నడుపుకుంటానులే. నీకెందుకు శ్రమ."

ఆ తర్వాత వదిన ఫోను చెయ్యలేదు. ఆదివారాలు మడతక్క ఇంట్లోనే ఉంది. బీరువాలు సర్దింది, కూతురింటికి వెళ్ళింది. శ్రమ తప్పినందుకు సుఖంగా అనిపించాలి కదా, అనిపించలేదు. రాయి కొత్తదా పాతదా అన్నది ఆమెని తొలిచేది. పాతదైతే సరే, ఏదో ఉందనుకోవచ్చు. కొత్తదైతే ఆ నీళ్ళు ఎక్కడివి? తనవేనా? తనవైతే ఇంట్లో, ఇస్త్రీ బల్ల దగ్గర ఎందుకు రావు? ఒకరోజు దుకాణంలో ఎవరూ లేనప్పుడు గోడకి వీపు ఆనించి కూచుని కూడా చూసింది. కౌంటరు అమ్మాయి వచ్చి, నడుం పట్టేసిందా అక్కా అని అడిగింది.

చలికాలం మొదట్లో వదినే దుకాణానికి వచ్చింది. చేతిలో ఇస్త్రీ అవసరం లేని స్వెట్టరు పట్టుకుని కౌంటరు దగ్గర నిలబడింది. మడతక్క బయటికి వచ్చింది.

"ఆ పొలం తమ్ముడు ఫోను చేశాడు" అంది వదిన, స్వెట్టరు వైపు చూస్తూ. "వాళ్ళక్కతో పడలేక, రాయి మొదట్లో తవ్వి చూసేద్దాం అంటున్నాడు. కింద ఏముందో చూస్తే తేలిపోతుందట. మనల్ని కూడా రమ్మన్నాడు."

"మనల్నా?"

"ఇద్దర్నీ రమ్మన్నాడు. నువ్వు రాకపోతే నేనూ పోను."

ఆ ఆదివారం నలుగురూ రాయి దగ్గర చేరారు. రాయి పడిపోకుండా ఒక పక్కనే, జాగ్రత్తగా, తమ్ముడు పార వేశాడు. ఆవులు కొంచెం దూరంలో నిలబడి చూస్తున్నాయి. మట్టి కింద చిన్న రాళ్ళు గట్టిగా దట్టించి ఉన్నాయి. ఇదిగో, పూర్వం వాళ్ళు ఇలాగే పేర్చేవాళ్ళు అని వదిన వంగింది. ఇంకొంచెం తవ్వితే ఆ రాళ్ళ మధ్య ఒక ఇటుక ముక్క, దాని పక్కన నీలం సీసా పెంకు బయటపడ్డాయి.

"అదిగో. నాన్న మందు సీసా అది" అంది అక్క.

"లేపి నిలబెట్టినప్పుడు వేశాడు. నేను చెప్పేదీ అదే" అన్నాడు తమ్ముడు.

"కొత్తగా పాతినా అలాగే ఉంటుంది."

"లేపినా అలాగే ఉంటుంది."

అందరూ వదిన వైపు చూశారు, ఆమె చదువుకున్న మనిషని. వదిన సీసా పెంకు అటూ ఇటూ తిప్పి చూసి, "నాకు తెలియదు" అంది. ఆ మాట ఆమె నోట మడతక్క ఎప్పుడూ వినలేదు. ఇంకా లోతుకి వెళ్తే రాయి ఒరిగిపోతుందని తమ్ముడు పార పక్కన పడేశాడు. గొయ్యి పూడ్చి నలుగురూ చుట్టూ తిరుగుతూ కాళ్ళతో మట్టి తొక్కారు. వదిన పట్టు కోసం తమ్ముడి భుజం మీద చెయ్యి వేసింది.

పని అయ్యాక వదిన రాయి మీద అరచెయ్యి ఆనించింది. ఈసారి కళ్ళు మూసుకోలేదు.

"ఏమన్నా ఉందా వదినా?"

"ఏం లేదు. చల్లగా ఉంది, అంతే." కొంచెం ఆగి, "బాగానే ఉంది" అంది.

మడతక్కకి కూడా ఆరోజు ఏమీ రాలేదు. వెనక్కి వస్తూ ఇద్దరూ సీసా పెంకు గురించి వాదించుకున్నారు. వదిన అక్కగారి వైపు, మడతక్క తమ్ముడి వైపు. కొంతసేపటికి ఎవరు ఎటో తారుమారైపోయింది.

ఇప్పుడు ఇద్దరూ మళ్ళీ కలిసే వెళ్తున్నారు. వేరే చోట్లకీ వెళ్తారు, ఆ పొలానికీ వెళ్తారు. వదిన అక్కడ వంటింట్లో కూచుని ఆ అక్కాతమ్ముళ్ళ తగాదాలో తనూ ఓ చెయ్యి వేస్తుంది. మడతక్క రాయి దగ్గరికి వెళ్తుంది. ఒక్కోసారి వస్తుంది, చాలాసార్లు రాదు. వచ్చినరోజు ఆకలేస్తుంది. అదేమిటని ఎవరన్నా అడిగితే తెలియదంటుంది.

పోయిన నెల భర్త కూడా వస్తానన్నాడు. ఎందుకో చెప్పలేదు. పొలంలో రాయి చుట్టూ తిరిగి, ఒక కన్ను మూసి నిలువుగా ఉందో లేదో చూశాడు. జేబులోంచి దారం తీసి తాళంచెవి కట్టి, వేలాడదీసి మళ్ళీ చూశాడు. తర్వాత దారం చుట్టి జేబులో పెట్టుకుని అక్కడే నిలబడ్డాడు. ఆమె గేటు దగ్గర ఆగింది. ఎంతకీ రాకపోతే పిలిచింది. రెండోసారి పిలిస్తే గానీ వినిపించలేదు ఆయనకి.

"కొంచెం ఒరిగింది. పడదు మాత్రం" అన్నాడు వచ్చి.

కారు ఆయనే నడిపాడు. రేడియో పెట్టలేదు. ఊరి మలుపు దగ్గర తిరగకుండా నేరుగా పోనిచ్చాడు.

"ఎడమకి తిరగాలి కదండీ."

"తెలుసు" అన్నాడు. కానీ తిరగలేదు. ముందుకే పోతున్నాడు. ఆమె పక్కకి తిరిగి ఆయన మొహం చూసింది. ఏమైందని అడిగితే, తెలియదన్నాడు ఆయన కూడా.